కొయ్యచీలయు జిగ్గును

రాజ్యముల యుదయాస్తమయములను గూర్చి వ్రాసినంత విరివిగా మన చరిత్రకారులు పనిముట్లను గూర్చి వ్రాయలేదు. కాకతీయుల సింహాసనము పోయినది. కుతుబ్ షాహీలు, ఆసఫ్ జాహీలు వచ్చి పోయిరి. కాని ఉలి, రంపము, బాడిస, చిత్రిక నేటికిని వడ్రంగి చేతిలోనే యున్నవి. ఈ పనిముట్ల కుటుంబములో మిక్కిలి యాలస్యముగా ప్రాధాన్యమునకు వచ్చిన దొకటి కలదు. దానికి కోయుటకు పదును లేదు. కొట్టుటకు బరువు లేదు. తొలుచుటకు మొన లేదు. ఇంకొక పనిముట్టు పోవలసిన దారిని చూపుటయే దాని పని. కార్ఖానాలలో దానిని జిగ్గు అందురు. చూపునకు అది రెండు మూడు బెజ్జములు గల చిన్న దిమ్మె మాత్రమే. అయినను మనుష్యుని విద్య చేతినుండి వస్తువులోనికి ఎట్లు ప్రవేశించెనో, దానివలన ఎవరికి మేలు, ఎవరికి కీడు కలిగెనో తెలిసికొనవలె ననువారికి దీని చరిత్రకంటె మంచి పాఠము దొరకదు.

రంగారెడ్డి జిల్లాలోని కోహెడవంటి గ్రామమున ఈ విషయము ప్రత్యక్షముగా కానవచ్చును. హైదరాబాదు నగరమును చుట్టిన ఔటర్ రింగు రోడ్డు ఈ ప్రాంతమునకు వచ్చిన పిదప పొలముల నడుమ క్రొత్త యిండ్లు లేచినవి. వెనుక ఇంటికి తలుపన్న టేకు. దానిని చేయువాడు ఆ యూరి వడ్లవాడు. నేడు అల్మారాలును, వంటయింటి గూళ్లును ప్లైవుడ్డు పలకలతో చేయుచున్నారు. టేకు కొయ్యకు కుసి తీసి, ఎదుటి కొయ్యకు బెజ్జము తొలిచి, రెంటిని బిగించుట ప్రాత పద్ధతి. పొరలుపొరలుగా నతికిన పలకకు, పొట్టుతో నొత్తిన పలకకు కుసి తీసిన నది నిలువదు. కావున రెండు పలకలకును గుండ్రని బెజ్జములు తొలిచి, వానిలో కొయ్యచీలలు దిగగొట్టి, జిగురుతో నతుకుట పరిపాటి యైనది. చీల సగము ఒక పలకలో, సగము రెండవ పలకలో నుండును. పైకి మేకు గాని, మర గాని కానరాదు.

చెప్పుటకు ఇది సులభము, చేయుటయే కష్టము. కుసి కొంచెము బిగువైన ఉలితో సవరింపవచ్చును. గుండ్రని చీలకు సవరణ లేదు. ఒక పలకకు మూడు చీలలున్నచో, ఎదుటి పలకయందలి మూడు బెజ్జములును వానికి సరిగా ఎదురుపడవలెను. ఒక్కటి ఒక మిల్లీమీటరు ప్రక్కకు జరిగినను పలకలు కలియవు. బలవంతముగా కలిపిన అంచులు ఎగుడుదిగుడగును. కొలతబద్దతో గుర్తు పెట్టి తొలిచినచో మూడు విధముల తప్పు సంభవించును. గుర్తు పెట్టుటలో వెండ్రుకవాసి తేడా వచ్చుట మొదటిది. బరమా మొన గట్టి యీనెను తాకి మెత్తని నారవైపు జారుట రెండవది. బరమాను నిట్టనిలువుగా పట్టలేక బెజ్జము వాలుట మూడవది. ఈ మూడును ప్రతి బెజ్జమునందును వేరువేరు దిశల పుట్టును గనుక రెండు పలకల తప్పులును ఒండొంటిని చంపుకొనక కూడుకొనును.

జిగ్గు ఈ మూడింటిని ఒక్కసారి నివారించును. గట్టి కొయ్యతో గాని, ఇనుముతో గాని ఒక దిమ్మె చేసి, దానిలో బరమా పట్టునంత బెజ్జము నిలువుగా తొలిచి, ఆ బెజ్జము అరగకుండ నీరు పట్టిన ఉక్కు గొట్టమును దిగగొట్టుదురు. దిమ్మె క్రింద ఒక ప్రక్కను పెదవివలె అంచు నుంచెదరు. ఆ యంచును పలక ముఖమునకు ఆనించి బిగించినచో, బెజ్జము పలక ముఖమునుండి ఎప్పుడును ఒకే దూరమున పడును. బరమాకు ఒక కడియము తొడిగినచో నియమిత లోతునకు మించి దిగదు. 18 మిల్లీమీటర్ల మందము గల పలకకు 8 మిల్లీమీటర్ల చీల సామాన్యముగా చాలును. 30 మిల్లీమీటర్ల చీల వాడినచో, ఒక పలక ముఖములో 12, రెండవ పలక అంచులో 20 మిల్లీమీటర్ల లోతు తొలుతురు. మిగిలిన 2 మిల్లీమీటర్లు జిగురు నిలుచుటకు. చీలకు నిలువుగా గాళ్లుండుటయు ఇందుకే. అవి లేనిచో లోపల చిక్కిన గాలియు జిగురును వెలికి రాలేక పలకనే పగులగొట్టును.

ఇక్కడ పాఠకులు గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. జిగ్గులోని బెజ్జము పలక మందమునకు సరిగా నడుమ నుండవలెనని చాలమంది తలంతురు. అట్లుండనక్కరలేదు. అది అరమిల్లీమీటరు ప్రక్కగా నున్నను, రెండు పలకలకును ఒకే వైపు ముఖమును గుర్తించి, ఆ ముఖమునకే జిగ్గు నానించి తొలిచినచో, రెండింటను అదే అరమిల్లీమీటరు తేడా వచ్చును; పలకలు సమముగా కలియును. జిగ్గును ఒక పలకపై ఒక ముఖమునకు, రెండవ పలకపై వెనుక ముఖమునకు ఆనించినచో అరమిల్లీమీటరు ఒక మిల్లీమీటరగును. కనుక జిగ్గు బలము తప్పు లేకుండుటలో లేదు. ఆధారము మారకుండుటలో నున్నది. వడ్రంగులు మొట్టమొదట పలకకు మంచి ముఖ మేదో ఎంచి పెన్సిలుతో గుర్తు పెట్టుట ఈ ధర్మమును ఎరిగియే.

మన పూర్వులకు అతుకుల శాస్త్రము తెలియక కాదు. మయమతమునందును, మానసారమునందును 17వ అధ్యాయము సంధికర్మమునకే కేటాయింపబడినది. కొయ్యను కొయ్యతో కలుపు విధములకు అందు పేర్లును, లక్షణములును, నిషేధములును కలవు. పదములు కలియుటకును పలకలు కలియుటకును సంస్కృతమున ఒక్కటే మాట యుండుట సంతోషము గొలుపును. కాని మన పాఠశాలలలో మొదటి సంధిని వల్లె వేయించినవారే కాని, రెండవదానిని తలచినవారు లేరు. 15వ శతాబ్దమున మేవాడులో సూత్రధార మండనుడు రచించిన రాజవల్లభమున శిల్పి కుండవలసిన ఎనిమిది కొలత సాధనములను చెప్పుచో, మొట్టమొదట పేర్కొనినది దృష్టి. తక్కినవి మూరకోల, త్రాళ్లు, లంబము మొదలగునవి. కన్నే మొదటి సాధనమనుట ఊరక కాదు. సింధునాగరికతనాటి శిల్పులు 10 సెంటీమీటర్లకు మించిన ఎఱ్ఱరాతి పూసలను రెండు కొసలనుండి తొలిచి, రంధ్రములు నడుమ కలియునట్లు చేసిరి. అంతటి నిదానము కన్నునకును చేతికిని కుదిరినది. తాళపత్ర గ్రంథములకు పైన క్రింద కొయ్యబద్దలుంచి త్రాడు గ్రుచ్చుట మనమెరిగినదే. ఆకులన్నిటి బెజ్జములును ఒక్క వరుసకు వచ్చిన గాని త్రాడు సాగదు. ఇవన్నియు బెజ్జములు ఒండొంటికి ఎదురుపడవలసిన పనులే.

మరి ఇంత నేర్పు గల దేశమున, బెజ్జము కొలతను శాశ్వతముగా ఒక దిమ్మెలో నిలిపి వందల పలకలకు వాడు నలవాటు గ్రామమున ఏల వేళ్లూనలేదు? దీనికి సమాధానము శిల్పి బుద్ధిలో కాక, శిల్పి బ్రదుకులో వెదకవలెను. గ్రామమున వడ్రంగి ఆయగాండ్రలో నొకడు. రైతు నాగలి విరిగిన బాగుచేయుట, బండి యాకు ఊడిన దిగగొట్టుట, ఇంటికి తలుపు నిలుపుట అతని పని. పంట నూర్చినపుడు కళ్లములో గింజలు అతని కూలి. ఏ తలుపు ఆ ద్వారబంధమునకే. ఒక కొయ్యను ఇంకొక కొయ్యపై నుంచి గుర్తు గీసికొనిన చాలును; మొదటి కొయ్యయే రెండవ దానికి జిగ్గు. బండి చక్రపు కుండచుట్టు ఆకుల బెజ్జములను సమదూరమున నెడము చేయుటకు త్రాడు మడత చాలును. ఆ చక్రపు టాకు ఇంకొక చక్రమునకు పట్టవలసిన యవసరము లేదు. ఒక్కటే వస్తువు వందసార్లు కావలసి వచ్చి, ఒకచోట చేసిన ముక్క ఇంకొకచోట, తన్ను చేసినవాని నెరుగని వాని చేతిలో అమరవలసి వచ్చినపుడే జిగ్గు అవసరమగును. పైగా నిజాము పాలనలో తెలంగాణపు వృత్తులవారిపై వెట్టి యుండెను. దొరల గడీలకు కూలి లేక పనిచేయవలసిన వానికి, నాలుగు దినములు కష్టపడి పనిని నాలుగవ వంతు కాలమున ముగించు ఉపాయమును కనిపెట్టవలె ననెడి యుత్సాహ మెట్లు పుట్టును? త్వరగా చేసిన వానికి వచ్చు ఫలము ఇంకొక వెట్టిపనియే గదా!

ఆ యవసరము ఐరోపా, అమెరికాలలో మొదట యుద్ధము వలనను, పిదప వర్తకము వలనను వచ్చెను. 1785లో పారిసు నగరమున హొనోరే బ్లాం అను తుపాకుల శిల్పి 50 తుపాకీ తాళముల ముక్కలను కుప్పలుగా పోసి చూపగా, అప్పుడు అమెరికా రాయబారిగా నున్న థామస్ జెఫర్సన్ చేతికి దొరికిన ముక్కను తీసి కొన్నిటిని తానే కూర్చి, అవి అమరుట చూచి తన దేశమునకు జాబు వ్రాసెను. అవి లోహపు ముక్కలు. కొయ్యపనిలో ఇట్టి మార్పు ఇంగ్లాండులోని పోర్ట్స్‌మత్ నౌకాశాలలో జరిగెను. తెరచాప యోడలకు కప్పీలు కావలెను. పెద్ద యుద్ధనౌక యొక్కదానికే సుమారు వేయి పట్టును. మార్క్ బ్రునెల్ యోచింపగా, హెన్రీ మాడ్స్‌లే నిర్మించిన యంత్రముల వరుస 1808 నాటికి ఏడాదికి 1,30,000 కప్పీలను చేయుచుండెను. కొయ్యదిమ్మెకు మొదటి యంత్రము బెజ్జము తొలుచునపుడు దానిని పట్టిన బిగింపు ఒక గుర్తును వేయును. తరువాతి యంత్రములన్నియు ఆ గుర్తునే ఆధారముగా గొని పట్టుకొనును. వడ్రంగి పెన్సిలుతో పెట్టు ముఖపు గుర్తునకు ఇది యంత్రరూపము.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున ఎలీ టెర్రీ 1807లో 4,000 కొయ్య గడియారపు యంత్రములను మూడేండ్లలో చేసి యిచ్చుటకు ఒప్పుకొనెను. అంతవరకు గడియారము ఒక్కొక్కటిగా చేయునది. టెర్రీ మొదటి ఏడాదిని గడియారములు చేయుటలో కాక, పనిముట్లను సిద్ధపరచుటలో గడపి, తక్కిన కాలమున ఒప్పందమును చెల్లించెను. జిగ్గు వాడువారందరును నేర్వవలసిన సహన మిది: మొదట ఆలస్యము, పిదప వేగము. హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో జాన్ హాల్ అను నతడు ఈ విద్యకు సూత్రమును నిర్ణయించెను. ఒక ముక్కకు పది కొలతలున్నచో, ఒకదాని కొసనుండి రెండవదానిని, దాని కొసనుండి మూడవదానిని కొలువరాదు. పదింటిని ఒక్క బిందువు నుండియే కొలువవలెను. లేనిచో చిన్న తప్పులు వడ్డీవలె పెరుగును. 1826–27లో ప్రభుత్వము నియమించిన పరీక్షకులు హాల్ తుపాకులను విప్పి, ముక్కలను కలగలిపి, తిరిగి బిగించి తృప్తి చెందిరి. ఇక 1859లో వియన్నాకు చెందిన మైకేల్ థోనెట్ సంస్థ 14వ సంఖ్య కుర్చీని వెలువరించెను. దానికి ఆరు కొయ్యముక్కలు, పది మరలు, రెండు నట్లు. ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలను విడదీసి యుంచి ఓడకెక్కించిరి. చేసిన వాడొక ఖండమునను, బిగించువాడు వేరొక ఖండమునను ఉన్నను బెజ్జములు కలిసినవి. రెండవ ప్రపంచయుద్ధము పిదప ఐరోపాలో వ్యాపించి, నేడు మన యూళ్లకును వచ్చిన అల్మారాల పద్ధతియు ఈ వంశములోనిదే. అందు బెజ్జమునకు బెజ్జము 32 మిల్లీమీటర్లు. ముందంచునుండి మొదటి వరుస 37 మిల్లీమీటర్లు.

ఈ చరిత్రకు రెండవ ప్రక్కయు కలదు. దానిని దాచుట న్యాయము కాదు. పోర్ట్స్‌మత్‌లో యంత్రముల వలన 110 మంది నేర్పరులు చేయు పనిని 10 మంది సామాన్యులు చేయగలిగిరని నాడే గొప్పగా చెప్పుకొనిరి. ఆ తగ్గిన నూరుమంది యేమైరో చెప్పుకొన్నవారు లేరు. హార్పర్స్ ఫెర్రీలో కొలత అచ్చుల వెంబడి గడియారపు కట్టడియు వచ్చెను. తమ యిష్టకాలమున వచ్చి, తమ లెక్కకు పనిచేసి, తలయెత్తుకొని తిరిగిన తుపాకుల శిల్పులు 1842లో పని మాని, పడవ కట్టించుకొని వాషింగ్టనుకు పోయి, దేశాధ్యక్షుడైన టైలరుతో మొరపెట్టుకొనిరి. అధ్యక్షుడు ఆదరముతో మాటలాడెను. గడియారము మాత్రము పోలేదు. జిగ్గును గూర్చి వడ్రంగి కుండు భయమునకు ఈ కథలే మూలము. ముప్పది యేండ్లు చేయి తిప్పి నేర్చిన నిదానమును, నిన్న వచ్చిన కుర్రవాడు దిమ్మె బిగించి చేయగలిగినపుడు పెద్దవాని గౌరవ మేమి కావలెను? ఈ ప్రశ్న మూఢత్వము కాదు, బ్రదుకును గూర్చినది.

మా యభిప్రాయము మాత్రము వేరు. జిగ్గు నేర్పును నాశనము చేయదు. దానిని ఒకచోటికి తెచ్చును. చేతితో తొలుచువాడు తప్పు చేసినచో ఒక పలక చెడును. జిగ్గు చేయువాడు తప్పు చేసినచో నూరు పలకలు చెడును. కావున జిగ్గును చేయుటకు, దాని యరుగుదలను కనిపెట్టుటకు, పెదవిలో చిక్కిన పొట్టును ఊదుటకు, ఏ కొయ్యకు ఏ లోతు తగునో నిర్ణయించుటకు పూర్వముకంటె నెక్కువ వివేకము కావలెను. చిక్కు పనిముట్టులో లేదు. జిగ్గును చేయువాడు ఒకడు, వాడువాడు వేరొకడు అను విభజనలో నున్నది. ఆలోచన ఒక తరగతికి, చేయి ఇంకొక తరగతికి పంచిపెట్టుట మనకు క్రొత్త గాదు. మన కులవ్యవస్థ వేలయేండ్లుగా చేసిన పని యదియే. విద్య కల చోట చేయి లేకపోయెను. చేయి కల చోట అక్షరము లేకపోయెను. తండ్రినుండి కొడుకునకు మాత్రమే దిగు వృత్తిరహస్యము ఆ కుటుంబమును నిలిపినది నిజమే. కాని ఆడుపిల్లకును, అన్య కులజునకును తలుపు మూసినదియు నిజమే. జిగ్గు ఆ రహస్యమును బయటపెట్టి, కన్నులయెదుట బల్లమీద నుంచును. చేతిలో నున్న విద్య చేతితో పోవును. వస్తువులో నిలిచిన విద్య నడుగువారి కెల్ల దక్కును.

హైదరాబాదు ప్రాంతమునకు ఈ విద్య పరాయిది కాదు. 1943లో సికింద్రాబాదున ప్రాగా టూల్స్ సంస్థ యంత్రపు పనిముట్లకై వెలసెను. 1968లో బాలానగరున భారత ప్రభుత్వము, ఐక్యరాజ్యసమితి సహాయముతో కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థను స్థాపించెను. జిగ్గులును, అచ్చులును, పట్టులును ఎట్లు గీయవలెనో, ఎట్లు చేయవలెనో అచట శాస్త్రముగా బోధింతురు. ఇక కోహెడకు ఎక్కువ దూరము లేని ఆదిభట్లలో టాటా, బోయింగు సంస్థలు కలిసి నెలకొల్పిన కార్ఖానా 2018లో యుద్ధ హెలికాప్టరు దేహమును మొదటిసారి చేసి యిచ్చెను. ఆకాశయానపు రేకులను బిగించుటలో బెజ్జమే ప్రధానము. ఇచట తొలిచిన బెజ్జము సముద్రములకావల నింకొకరు చేసిన ముక్కకు ఎదురుపడవలెను. వడ్లవాని పలకకును, ఆ రేకునకును ధర్మమొక్కటే: ఆధారము నిర్ణయించుము, దానిని మార్చకుము, అచటినుండియే కొలువుము. ఒకే నేలపై ఇన్ని యుండగా, ఊరి వడ్రంగి కొడుకు జిగ్గును బజారులో కొని తెచ్చుకొను పరికరముగా మాత్రమే యెరుగుట విచారకరము.

ఈ లోటును పూరింపవలసినది పాఠశాలయే. 1937లో వార్ధాలో సమావేశమైన విద్యావేత్తలు చేతిపని ద్వారా విద్య నేర్పవలెనని తీర్మానించిరి. ఆ పద్ధతికి పాఠ్యక్రమమును సిద్ధపరచిన సంఘమునకు అధ్యక్షుడు జాకీర్ హుసేన్. ఆయన జన్మస్థలము మన హైదరాబాదే. ఆ యాశయము కాలక్రమమున నూలు వడకు గంటగాను, పిదప కాలపట్టికలో నొక ఖాళీ గంటగాను క్షీణించెను. బోధన వృత్తిగా గల మాకు తోచున దేమనగా, దానిని బ్రదికించుటకు గొప్ప సొమ్ము కానక్కరలేదు. ఒక గట్టి తుమ్మ దిమ్మె, ఒక బరమా, ఒక మూలమట్టము, రెండు పలకలు చాలును. పిల్లవాడు తన జిగ్గును తానే చేయవలెను. లంబమన నేమో, సమాంతరమన నేమో రేఖాగణితపు పుస్తకములో వల్లించిన దానిని, బెజ్జము వాలిన పలక ఒక్కసారి చెప్పును. తప్పు కూడుకొనుట యెట్లో, ఆధారము మారిన ఇమ్మడించుట యెట్లో అతడు వ్రేళ్లతో తెలిసికొనును. అటుపిమ్మట ఆ తరగతికి ఊరి వడ్రంగిని పిలిపించి, బల్లకు ఎదురుగా కాక ప్రక్కన నిలిపి, గౌరవవేతన మిచ్చి, ఏ కొయ్య ఎటు పగులునో, ఏ కాలమున ఉబ్బునో చెప్పించవలెను. ఈ రెండవ విద్య ఏ దిమ్మెలోను ఇమడదు. అది ఇంకను మనుష్యులయందే యున్నది.

కొందరు అడుగవచ్చును: అల్మారాలు కార్ఖానాలనుండి సిద్ధముగా వచ్చుచుండగా ఈ శ్రమ యెందులకని. కార్ఖానాలో తొలిచిన బెజ్జమును ఎవరో యొకరు మొదట నిర్ణయించిరి. ఆ నిర్ణయించువారిలో కోహెడ పిల్లలును, ఇబ్రహీంపట్నపు పిల్లలును ఉందురా, లేక తొలిచి పంపిన బెజ్జములలో చీలలు దిగగొట్టువారుగానే మిగిలిపోవుదురా అనునదియే ప్రశ్న. జిగ్గును కొనుట కొన్ని వందల రూపాయల పని. దానిని చేయ నేర్చుట ఒక తరమును నిలబెట్టు పని. మన గ్రామసంఘములును, పాఠశాలలును ఈ రెండవ దానిని పూనుకొనవలెనని మా కోరిక.